తొమ్మిదో తరగతి యాడ చదివినావు

మా నాయన దాన్ని మొదటి నుంచీ ఇంటర్వ్యూ అనే అనేవాడు. "నాయనా, డాక్టర్ చదువుకు ఇంటర్వ్యూ ఉండదు. ర్యాంకు చూస్తారు, సర్టిఫికెట్లు చూస్తారు, లిస్టులో పేరుంటే సీటిస్తారు" అని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఆయన చెవికెక్కలేదు. "పిల్చి ఎదురుంగా కూర్చోబెట్టుకొని అడుగుతారా లేదా? అడిగితే అది ఇంటర్వ్యూనే" అని తేల్చేశాడు. బెంగళూరులో తను కాపలా ఉన్న బిల్డింగు దగ్గర మేస్త్రీలకు, సిమెంటు లారీ డ్రైవర్లకు, ఆఖరికి తోపుడు బండి మీద కూరగాయలమ్మే ఆమెకు కూడా మా పాపను ఇంటర్వ్యూకు పిలుస్తాండారని చెప్పుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టుండేది. పిలవకముందే ఈ చాటింపు ఏమిటని అమ్మ దగ్గర గొణిగేదాన్ని. ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. నాకంటే ఆయన మాటే నిజమైంది. నన్ను పిలిచారు, ఎదురుగా కూర్చోబెట్టారు, ఒకే ఒక ప్రశ్న అడిగారు.

ఆ ప్రశ్న ఏమిటో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది నల్లమాడ దగ్గర పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే బీడు. నేను ఐదు పూర్తి చేసిన ఏడాది విత్తనం వేసినాక చినుకు రాలలేదు. రెండు బోర్లు అప్పటికే ఎండిపోయి ఉన్నాయి. నాయన ఇంటి తలుపుకు తాళం వేసి, అవ్వను చిన్నాన్న వాళ్ల పంచన ఉంచి, మమ్మల్ని బెంగళూరు బస్సెక్కించాడు. మా పల్లెలో సగం ఇళ్లు అట్లాగే పోయాయి కాబట్టి ఎవరూ ఏడవలేదు, ఎవరూ సాగనంపలేదు. అక్కడ కట్టే బిల్డింగులకు నాయన కాపలా. అమ్మ చుట్టుపక్కల ఇళ్లలో వంటపని. మా కాపురం ఇనుప రేకుల షెడ్డులో. ఒక బిల్డింగు పూర్తయితే షెడ్డు పీకి ఇంకో బిల్డింగు దగ్గర పాతేవాళ్లు. అదృష్టం ఏమంటే అన్నీ ఒకే పేటలో ఉండేవి, అందుకే నా బడి మారలేదు. ఆరు నుంచి తొమ్మిది దాకా ఒకే కన్నడ సర్కారు బడిలో చదివాను.

ఆ బడిలో సైన్సు చెప్పే మిస్ మాకు క్లాస్ టీచర్. పావగడ వైపు మనిషి కావడంతో తెలుగు వచ్చు. మా క్లాసులో సగం మంది నాలాంటి షెడ్డు పిల్లలే. అనంతపురం వాళ్లం, రాయచూరు వాళ్లు, కర్నూలు వాళ్లు. ఎవరి నాయన ఎప్పుడు ఏ ఊరికి మూట సర్దుతాడో తెలియని పిల్లలం. పేర్లు పిలిచేటప్పుడు ఎవరైనా పలకకపోతే ఆమె తల ఎత్తి "ఊరికి పోయినాడా?" అని అడిగేది. అవునంటే ఇంకేమీ అడిగేది కాదు.

నేను తొమ్మిదిలో చేరిన కొత్తలోనే అవ్వ బావి గట్టు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. నాటుకట్టు కట్టించారు గానీ మనిషి మంచానికి అంటుకుపోయింది. చిన్నాన్న వాళ్లు అప్పటికే తిరుపూరు బనియన్ల మిల్లులకు పోయి ఉన్నారు. అమ్మ వచ్చి కూర్చుంటే వంటపని పోతుంది, నాయన వస్తే షెడ్డు పోతుంది. మిగిలింది నేను. నన్ను ఎవరూ అడగలేదు, ఆజ్ఞాపించనూ లేదు. అమ్మ నా బట్టలు సంచిలో పెడుతుంటే నాకే అర్థమైంది. "రెండు నెలలే పాపా" అన్నాడు నాయన. ఆ రెండు నెలలు వానాకాలం దాటి, చలికాలం దాటి, ఎండలు ముదిరేదాకా సాగాయి.

అవ్వకు వంట, స్నానం, దొడ్డికి ఎత్తడం అన్నీ నేనే. పింఛను వేలిముద్రకు నేనే లేపి కూర్చోబెట్టేదాన్ని. వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతుంటే బండబూతులు తిట్టేది, తిట్టి మళ్లీ తనే "ముసిలిదాన్ని, కోపం చేసుకోవద్దు తల్లీ" అనేది. నాకు కోపం వచ్చేది, దాచుకోవడం ఎందుకు. పద్నాలుగేళ్ల పిల్లకు రాదా? పల్లె బడి మా వీధి చివరే ఉంది. గంట కొడితే నాకు వినబడేది. చేరదామంటే టీసీ బెంగళూరులో ఉంది, చేరినా మంచం మీది మనిషిని వదిలి పోయేదెట్లా. ఆ ఏడాది నేను ఏ బడికీ పోలేదు. ఇది ఖాయంగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఈ లోకంలో ఈ ఒక్క మాట రుజువు చేయలేక నా బతుకు తలకిందులైంది.

అవ్వ పోయాక, పరీక్షల ముందు బెంగళూరు చేరాను. ఏడాది దండగైందని, మళ్లీ తొమ్మిదిలోనే కూర్చోవాలని అనుకుని బడికి పోయాను. మిస్ నన్ను స్టాఫ్ రూముకు పిలిచి హాల్ టికెట్ చేతికిచ్చింది. ఏడాదంతా నాకు హాజరు వేసింది ఆమె. "నీ పుస్తకాలు తీసుకో, ఈ పది రోజులు కష్టపడు, పాసవుతావు" అంది. పది రోజులు రాత్రీ పగలూ చదివి పాసయ్యాను. ఆ పొద్దు అమ్మ ఆమెకు దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపింది. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఆమె ఫోటో లేకపోవడం ఒక్కటే తక్కువ.

తర్వాత నాయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. పదో తరగతి ఎక్కడ చదివితే పిల్లలు అక్కడి లోకల్ అని మా వైపు అందరి నమ్మకం. ఎవరు చెప్పారో, ఎక్కడ రాసి ఉందో ఎవరికీ తెలియదు. టీకొట్టు దగ్గర అంటారు, పెళ్లిళ్లలో అంటారు, బడి అయ్యవార్లు కూడా అంటారు. పది మన ఊళ్లో రాయించు, సీటు మనదే అని. బెంగళూరు వలసపోయిన ప్రతి ఇల్లూ పిల్లల్ని పదో తరగతికి వెనక్కి తెచ్చేది ఇందుకే. నాయన కూడా తెచ్చాడు. అమ్మను నాకు తోడుగా పల్లెలో ఉంచి, తను ఒక్కడే షెడ్డులో వండుకు తింటూ మూడేళ్లు గడిపాడు. నేను పది నల్లమాడలో, ఇంటర్ అనంతపురంలో చదివాను. నీట్ రాశాను. ర్యాంకు వచ్చింది.

గొప్ప ర్యాంకేమీ కాదు. కానీ మా వైపు పిల్లలకు కేటాయించిన సీట్లకు సరిపోయే ర్యాంకు. పోయినేడాది ఆ ర్యాంకుకు సీటు వచ్చిన పిల్ల మా కాలేజీలోనే ఉంది. లెక్చరర్లు నా భుజం తట్టారు. మూడు రోజులు నేను నేల మీద నడవలేదు.

కదిరిలో నెట్ సెంటర్‌కు నాయన, నేను కలిసి వెళ్లాం. ఆరు నుంచి ఇంటర్ దాకా ఏ ఏడు ఎక్కడ చదివానో ఆ సెంటర్ ఆయన ఒక్కొక్కటే అడిగి కొట్టుకుంటూ పోయాడు. చివర్లో మీట నొక్కి ముఖం చిట్లించాడు.

"ఏం పాపా, నిన్ను నాన్‌లోకల్ అని చూపిస్తాండాది."

"అంటే?" అన్నాడు నాయన.

"మీరు ఈ ప్రాంతమోళ్లు కాదని అన్నా."

నాయన నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "ఏమప్పా, మా తాతను పూడ్సిన తావు ఈడుండాది. పొలం ఈడుండాది. రేషన్ కార్డు, ఓటు ఈడుండాయి. ఎలచ్చన్లొస్తే బెంగళూరుకు బస్సులు పెట్టి మమ్మల్ని తోలకొస్తారు కదప్పా ఓటెయ్యమని. ఆ పొద్దు లోకలే, ఈ పొద్దు కాదా?"

సెంటర్ ఆయన మంచివాడు. కుర్చీ లాగి నాయనను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. నేను అక్కడే విన్నాను, మళ్లీ మళ్లీ చదువుకున్నాను, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పది ఎక్కడ చదివావన్నది కాదు లెక్క. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి వరుసగా ఇక్కడే చదివి ఉండాలి. లేదంటే ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఇక్కడ చదివి ఉండాలి. నాకు బెంగళూరులో నాలుగు, ఇక్కడ మూడు. లోకల్ పిల్లలకు సీట్లలో పెద్ద వాటా. నాన్‌లోకల్ వాళ్లు మిగిలిన చిన్న వాటాకు రాష్ట్రంలో ఉన్న గొప్ప ర్యాంకులతో కొట్లాడాలి. అక్కడ నా ర్యాంకును ఎవడూ కన్నెత్తి కూడా చూడడు. పోనీ కర్ణాటకలో అడుగుదామంటే అక్కడ ఏడేళ్లు చదివి ఉండాలట. అక్కడా నాకు తక్కువే.

"ఒక్క ఏడు నాయనా" అన్నాను బస్టాండులో. "ఒక్క తొమ్మిదో తరగతి."

నాయన అప్పటికే ఇంకోటి పట్టుకున్నాడు. సెంటర్ ఆయన చివర్లో ఒక మాట అన్నాడు. బడికి పోని ఏడాది ఉంటే, ఆ ఏడాది పిల్ల ఎక్కడ కాపురం ఉందో ఆ చోటే లెక్కలోకి వస్తుందని. "నువ్వు తొమ్మిదిలో బడికి యాడ పోయినావు? అవ్వకాడ ఉండ్లా? నిజమే చెప్తాం. నిజం చెప్పేదానికి భయమేముండాది" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. బజ్జీలు కొనిపెట్టాడు. అవి తింటూ అవ్వను తలుచుకుని ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం కూడా.

మా ఊరి వీఆర్వో నన్ను ఆ ఏడాది రోజూ చూసిన మనిషే. నాయన చెప్పిందంతా విని తల గీరుకున్నాడు.

"పాప ఈడే ఉండిందని నాకు తెలీదా అన్నా? ఈ పాపే కదా మీ యమ్మను ఎత్తి కూర్చోబెట్టేది. అయితే బెంగళూరు బడోళ్లు ఏడాదంతా వచ్చిందని స్టడీ సర్టిఫికెట్ ఇచ్చినారు. నేను ఈడుందని రాస్తే మనిషి రెండు తావుల ఉన్నట్టు కదా. ఆ ఏడు బడికి రాలేదని వాళ్లతో రాయించుకొని రా. ఈ క్షణం సంతకం పెట్టిస్తా."

రాలేదని రాయడమంటే, ఏడాది పొడుగునా వేసిన హాజరు అబద్ధమని మిస్ తన చేత్తో రాసివ్వడం. ఆమె నాకు చేసిన మేలు తప్పని ఆమెతోనే ఒప్పించడం. ఇంటికి వచ్చి చెప్తే అమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేవకుండానే, "ఆయమ్మను అట్ల అడిగేదానికి మీకు నోరెట్లా వస్తాదో నాకు తెలీదు" అంది. మళ్లీ తనే, "అడగండి, ఏం చేస్తాం" అంది.

మరుసటి రోజే బెంగళూరు వెళ్లాం. ఆ బడి గేటుకు కొత్త రంగు వేశారు. మిస్‌కు వెంట్రుకలు నెరిశాయి గానీ నన్ను గేటు దగ్గరే గుర్తుపట్టింది. ర్యాంకు సంగతి విని నా చెయ్యి పట్టుకుని స్టాఫ్ రూమంతా తిప్పింది. "నమ్మ హుడుగి" అని అందరికీ చెప్పింది. మా పిల్ల, మా పిల్ల అని. రెండు రాష్ట్రాల్లో నన్ను ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆమె అది సంతోషమనుకుంది.

కాఫీ తెప్పించింది. నాయన గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు గానీ తాగలేదు. ఎవరి దగ్గరైనా కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషి, ఆ పొద్దు నీళ్లు నమిలాడు. ఎండ గురించి, బస్సు గురించి, మా పక్క వాన లేకపోవడం గురించి మాట్లాడాడు. చివరికి నేనే చెప్పాను. లోకల్ అంటే ఏమిటో, ఏడేళ్ల లెక్క ఏమిటో, వీఆర్వో ఏమన్నాడో అంతా చెప్పి, "మిస్, నేను ఆ ఏడాది రాలేదని రాసివ్వాలి" అన్నాను.

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది.

"నీకు ఒక్కదానికే వెయ్యలేదు" అంది తర్వాత, నాయన వైపు చూస్తూ. "ఆ ఏడాది ఊళ్లకు పోయిన పిల్లలు ఇంకా ఉన్నారు. అందరికీ వేసినాను. వెయ్యకపోతే పేరు కొట్టెయ్యాల. కొట్టేస్తే ఆ పిల్లలు మళ్లీ బడి ముఖం చూడరు. ఎన్ని ఏళ్లు చూసినాను నేను. నీదొకటి అబద్ధమంటే మిగిలినవీ తీస్తారు కదా. ఆ పిల్లల తొమ్మిది పోతే పది పోతుంది. అందరూ ఎక్కడో ఒక చోట చేరినారు ఇప్పుడు."

"మీకేమన్నా అయితాదా మేడం?" అన్నాడు నాయన.

"వచ్చే ఏడు రిటైర్ అవుతాను. ఏమన్నా అంటే అంటారు." ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఈ పిల్ల డాక్టర్ కావాల."

రాసింది. కన్నడలో, ముత్యాల్లాంటి అక్షరాలతో, నేను ఆ విద్యా సంవత్సరంలో బడికి రాలేదని, తెలిసే హాజరు వేశానని, బాధ్యత తనదేనని రాసి సంతకం పెట్టింది. మేం గేటు దాటేదాకా వరండాలో నిలబడి చూసింది. బస్సులో నేను ఆ కాగితాన్ని పుస్తకం మధ్యలో పెట్టి ఒళ్లో పట్టుకున్నాను. నాకు సిగ్గుగానే ఉంది. కానీ సిగ్గుకంటే ఆశ ఎక్కువ ఉంది. ఆ రాత్రి మెడలో స్టెత్ వేసుకున్నట్టు కల కూడా వచ్చింది, చెప్పుకుంటే నవ్వుతారు.

వెరిఫికేషన్‌కు పిలిచారు. నాయన కొత్త చెప్పులు కొనిపెట్టాడు, ఇంటర్వ్యూకు తెగిన చెప్పులతో పోకూడదట. ఆ హాలు నిండా తల్లిదండ్రులు, ప్లాస్టిక్ కవర్లలో సర్టిఫికెట్లు, ఉక్కపోత. మా ముందున్న పిల్లలు వెళ్లి రెండు నిమిషాల్లో నవ్వుతూ వచ్చేస్తున్నారు. మా వంతు వచ్చింది. బల్ల వెనక ఒక ఆఫీసరమ్మ. అన్నీ తిరగేసి, ఆ ఏడాది నేను పల్లెలోనే ఉన్నానని మేం రాసి, మిస్ కాగితం చూశాక వీఆర్వో సంతకం పెట్టించిన అర్జీ చదివి, తల ఎత్తింది.

"తొమ్మిదో తరగతి ఎక్కడ చదివావు?"

నాయన మిస్ కాగితం తీశాడు. ఆమె కన్నడ రాదని పక్కనున్న గుమస్తాతో చదివించుకుంది. విన్నంతసేపూ ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత మెల్లగా చెప్పింది, కోపంగా కాదు. "ఇది ఇచ్చారంటే నేను తీసుకుంటాను. ఈ పాప పేరు ప్రస్తుతానికి లోకల్ లిస్టులో పెడతాను. కానీ ఈ కాగితం పైకి పంపాలి. వాళ్లు కర్ణాటకకు రాస్తారు. ఆ టీచర్ మీద విచారణ జరుగుతుంది, ఆ ఏడాది రిజిస్టర్ అంతా చూస్తారు. అది తేలాక సీటు ఖాయం అవుతుందో లేదో నేను చెప్పలేను. ఆలోచించుకోండి. ఇవ్వకపోతే నాన్‌లోకల్‌గా రాస్తాను."

ఆలోచించేదేముంది? లోకల్ లిస్టులో పేరు పెడతానంది కదా. నాకు ఆ మాట ఒక్కటే వినబడింది. గుమస్తా కాగితాన్ని బల్ల మీద మా వైపు జరిపాడు. నాయన దాని మీద చెయ్యి పెట్టాడు. పెట్టి అట్లాగే ఉండిపోయాడు.

"ఇయ్యి నాయనా" అన్నాను.

ఆయన కదల్లేదు.

"నాయనా, ఇయ్యి. నీ కాళ్లు పట్టుకుంటా, ఇయ్యి."

వెనక వరసలో జనం చూస్తున్నారు. నాకు లెక్కలేదు. ఆయన చెయ్యి కిందినుంచి కాగితం లాగబోయాను. ఆయన చెయ్యి బరువు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, గునపం పట్టిన చెయ్యి. లాగలేకపోయాను. ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఆఫీసరమ్మకు చేతులు జోడించాడు.

"బెంగళూరులోనే చదివింది మేడం. ఏడాదంతా బడికి పోయింది. మేమే తెలీక ఏందేందో రాసినాం" అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. "నిజమేనామ్మా?"

నా సంతకం కావాలి, నాకు పద్దెనిమిది నిండాయి. కాదని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను. నాయన నా వైపు చూడలేదు, నేలవైపు చూస్తున్నాడు, మెడ నరాలు ఉబ్బి కనబడుతున్నాయి. కాదంటే ఆయనను అంత మందిలో అబద్ధాలకోరును చేయాలి. తల ఊపాను. ఆమె నాన్‌లోకల్ అని రాసింది.

బయట చెట్టు కింద నేను నాయనను అనరాని మాటలు అన్నాను. నీకు కన్నకూతురు ముఖ్యమా, ఆ మేడం ముఖ్యమా అన్నాను. అవ్వ దొడ్డి ఎత్తినప్పుడు పనికొచ్చాను గానీ సీటుకు పనికిరాలేదా అన్నాను. ఆయన అన్నీ విన్నాడు. అప్పుడప్పుడు "సరేమ్మా" అన్నాడు. చివరికి ఒక్కటే చెప్పాడు.

"మా బిల్డింగుకాడ సెంట్రింగ్ పని చేసే రాయచూరాయన కొడుకు కూడా ఆ కిలాసులోనే పాపా. ఆ ఏడు ఆ పిల్లోడు కూడా వాళ్ల ఊర్లోనే ఉండినాడు. ఇప్పుడు డిప్లొమాలో చేరినాడు. రోజూ సద్ది తినేటప్పుడు ఆయన నాకు చెప్పుకుంటాడు. రేపు ఆయన పక్కన కూర్చొని నేనెట్ల తినేది?"

ఇంటికొచ్చాక నేను ఆయనతో మాట్లాడలేదు. అన్నం అమ్మ పెడితే తిన్నాను, ఆయన పిలిస్తే పలకలేదు. ఆయన బెంగళూరు పోకుండా ఇంట్లోనే ఉండిపోయాడు. మళ్లీ రాయవచ్చు కదా అని లెక్చరర్ ఫోన్లో అన్నాడు. రాయవచ్చు. పదిసార్లు రాయవచ్చు. ర్యాంకు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ ఏడేళ్లు మాత్రం మారవు. ఎప్పుడు రాసినా ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది బెంగళూరే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

లిస్టు మధ్యాహ్నం పూట వచ్చింది. నా ఫోన్లో పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాను. లోకల్ జాబితాలో నాకంటే వెనక ర్యాంకు ఉన్న పిల్లలున్నారు. నాన్‌లోకల్ పిలుపు నాకు చాలా ముందే ఆగిపోయింది. ఫోన్ పట్టుకుని పొలానికి పోయాను.

నాయన ఒక్కడే వేరుశనగ పీకుతున్నాడు. ఆ ఏడు కూడా వాన సమయానికి రాలేదు, చెట్లు జానెడు కూడా లేవు. పీకి, దులిపి, పట్టుకు చూసి, పారేస్తున్నాడు. నన్ను చూసి నడుం పట్టుకుని లేచాడు.

"పిలిచినారా?"

"లేదు నాయనా."

అన్ని రోజుల తర్వాత నేను ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే. ఆయన మళ్లీ వంగి ఒక చెట్టు పీకాడు. దాని మట్టి కూడా దులపలేదు. గట్టు మీద చతికిలబడి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. మా నాయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు, అవ్వ పోయినప్పుడు కూడా. ఏం చేయాలో తెలియక పక్కన కూర్చున్నాను. ఆయన తువ్వాలు లోపలి నుంచే మాట్లాడాడు.

"ఆయమ్మ రాసియ్యను పోండి అని ఉంటే ఎంత బాగుండు పాపా. ఆయమ్మను తిట్టుకుంటా అన్నా బతికేవాళ్లం."

నాకూ అదే అనిపిస్తోందని ఆయనతో చెప్పాను.